గోల్ఫ్ హ్యాండిక్యాప్ అంటే సగటు స్కోరు కాదు, మరి ఆ నంబర్ ఎలా వస్తుంది?

చిన్నప్పుడు వీధిలో ఆడుకుంటుంటే బాగా చిన్న పిల్లాడొకడు వచ్చి నేనూ ఆడతానని ఏడుపు మొదలెడితే, సరే రా అని వాణ్ణి ఆటలో అరటిపండుగా పెట్టుకోవడం మనందరికీ తెలిసిందే. వాడు అవుటైనా లెక్క లేదు, ఎవరినైనా పట్టుకున్నా లెక్క లేదు, ఆడుతున్నానని వాడికి అనిపిస్తే చాలు. గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ అనగానే చాలామంది ఇలాంటిదే ఏదో అనుకుంటారు, ఆట రాని వాళ్ల మీద జాలిపడి ఇచ్చే కన్సెషన్ అని. నిజానికి ఇది దానికి పూర్తిగా ఎదురు. ఆట అంతంతమాత్రంగా వచ్చిన మనిషి కొట్టే ప్రతి షాటూ లెక్కలోకి వచ్చేలా, బాగా వచ్చిన మనిషితో నిజంగా పోటీపడి నిజంగా గెలిచే వీలుండేలా కట్టిన లెక్క ఇది, అందుకే ఇందులో ఇంత గణితం ఉంది.

మాట పుట్టుక కూడా ఆసక్తిగానే ఉంటుంది. ఇంగ్లండ్‌లో పాతకాలంలో వస్తువులు మార్చుకునే ఒక బేరం ఆట ఉండేది, టోపీలో చెయ్యి పెట్టి డబ్బులతో బయటికి తియ్యడమో వట్టి చెయ్యి తియ్యడమో చేసి ఒప్పుకున్నారో లేదో చెప్పేవాళ్లు, ఆ టోపీలో చెయ్యి అన్న మాటే గుర్రప్పందాలకి వెళ్లి అక్కణ్ణుంచి గోల్ఫ్‌కి వచ్చింది. మలక్‌పేట రేస్‌కోర్సుకి వెళ్లేవాళ్లకి హ్యాండిక్యాప్ రేసు అంటే కొత్తగా చెప్పక్కర్లేదు, మంచి గుర్రం మీద ఎక్కువ బరువు పెడతారు, తక్కువ గుర్రానికి తక్కువ. గోల్ఫ్‌లో బరువు బదులు స్ట్రోకులు, అంటే బంతిని కొట్టే దెబ్బలు. తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్లు గెలిచే ఆట కాబట్టి, ఆట తక్కువ వచ్చినవాళ్ల స్కోరులోంచి కొన్ని తీసేస్తారు, అంతే తేడా.

అసలు విషయం ఒకటి ముందే చెప్పేస్తే మిగతాదంతా సులువవుతుంది. హ్యాండిక్యాప్ సగటు కాదు. ఎవరైనా బాగా ఆడిన రోజున ఎంత ఆడగలరు అన్నదాని కొలత అది. ఈ ఒక్క ముక్క తెలియకే సగం మంది హ్యాండిక్యాప్ 20 ఉన్నవాడు ప్రతి రౌండూ, అంటే 18 హోల్స్ ఆడిన ప్రతిసారీ, పార్ మీద, అంటే కోర్సుకి పెట్టిన ప్రామాణిక స్ట్రోకుల మీద, 20 ఎక్కువ కొట్టాలనుకుంటారు, కొట్టలేకపోతే ఏదో తప్పు జరిగిందనుకుంటారు.

ఇప్పుడు ప్రపంచమంతా వాడే పద్ధతి పేరు వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్, 2020లో మొదలైంది, దీన్ని నడిపేది అమెరికాలోని యూఎస్‌జీఏ, స్కాట్లాండ్‌లోని ఆర్ అండ్ ఏ అనే రెండు గోల్ఫ్ సంస్థలు కలిసి. మన దేశంలో ఇండియన్ గోల్ఫ్ యూనియన్ చూస్తుంది. అంతకుముందు ఆరు వేర్వేరు పద్ధతులుండేవి, అమెరికాది ఒకటి, బ్రిటన్, ఐర్లండ్‌లది ఒకటి, యూరప్‌ది, ఆస్ట్రేలియాది, దక్షిణాఫ్రికాది, అర్జెంటీనాది, దాంతో ఒక దేశం హ్యాండిక్యాప్ పట్టుకుని ఇంకో దేశం వెళ్తే అది అక్కడ సరిగ్గా అతికేది కాదు. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి, క్లబ్బు క్లబ్బుకీ మారకుండా ఎక్కడైనా చెల్లే హ్యాండిక్యాప్ కావాలని బ్రిటన్‌లో ముందు పట్టుబట్టి సాధించింది ఆడవాళ్లు, 1893లో ఏర్పడిన లేడీస్ గోల్ఫ్ యూనియన్ వాళ్లు. మగాళ్ల క్లబ్బులు ఇంకా ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటున్న రోజులవి. ఈ సంగతికి రావాల్సినంత పేరు రాలేదు.

సరే, లెక్కలోకి వెళ్దాం. హైదరాబాద్‌లో శని, ఆదివారాలు ఆడే ఒకాయన ఉన్నాడనుకుందాం. ఆయన ఆడే కోర్సు పార్ 72, కోర్స్ రేటింగ్ 71.2, స్లోప్ రేటింగ్ 128. ఈ మూడు నంబర్లూ స్కోర్‌కార్డు మీదే ఉంటాయి, ఒక్కో రంగు టీకి, అంటే మొదటి షాటు కొట్టే చోటికి, వేరువేరుగా, ఆడవాళ్లకీ మగవాళ్లకీ కూడా వేరువేరుగా.

పార్ సంగతి ఇందాకే చెప్పుకున్నాం. కోర్స్ రేటింగ్ అంటే హ్యాండిక్యాప్ సున్నా ఉన్న ఆటగాడు, అంటే స్క్రాచ్ ప్లేయర్, మామూలు వాతావరణంలో బాగా ఆడితే ఆ కోర్సులో ఎంత కొడతాడు అన్న అంచనా. ఇది ఎవరో ఊహించి రాసేది కాదు, రేటింగ్ టీమ్ వచ్చి కోర్సంతా నడిచి కొలుస్తుంది, హోల్ పొడవు, అంటే టీ నుంచి గుంత దాకా దూరం, ఎత్తుపల్లాలు, బంకర్లు అనే ఇసుక గుంటలు, నీళ్లు, చెట్లు, గుంత చుట్టూ ఉండే గ్రీన్ ఎంత పెద్దది, ఎంత వాలుగా ఉంది అన్నీ చూస్తారు. లెక్క కోసం ఇద్దరు నమూనా ఆటగాళ్లని పెట్టుకుంటారు. మగవాళ్లలో స్క్రాచ్ ప్లేయర్ టీ షాటు 250 గజాలు కొట్టి 470 గజాల హోల్‌ని రెండు షాట్లలో అందుకుంటాడు, బోగీ ప్లేయర్ అంటే హ్యాండిక్యాప్ 20 ప్రాంతంలో ఉన్నవాడు, టీ షాటు 200 గజాలు, రెండు షాట్లలో 370 గజాలు అందుకుంటాడు. 220 గజాల దూరంలో ఒక బంకర్ ఉందనుకోండి, ఒకడు దాన్ని దాటేస్తాడు, ఇంకొకడు దాని దాకా ముందు షాటులో చేరడు కూడా. అందుకే ఇద్దరికీ విడివిడిగా చూస్తారు.

ఇక స్లోప్. ఎక్కువ పొరపాట్లు జరిగేది దీని దగ్గరే. స్లోప్ ఎక్కువంటే కోర్సు కష్టం అనేస్తారు, అది పూర్తి నిజం కాదు. స్క్రాచ్ ప్లేయర్‌తో పోలిస్తే బోగీ ప్లేయర్‌కి ఆ కోర్సు ఎంత ఎక్కువ కష్టమో చెప్పేది స్లోప్. బోగీ ప్లేయర్‌కి కూడా ఒక రేటింగ్ ఉంటుంది, అందులోంచి కోర్స్ రేటింగ్ తీసేసి మగవాళ్లకైతే 5.381తో, ఆడవాళ్లకైతే 4.24తో గుణిస్తే స్లోప్ వస్తుంది. మన కోర్సులో బోగీ రేటింగ్ 95.0 అనుకుంటే 95.0లోంచి 71.2 తీస్తే 23.8, దాన్ని 5.381తో గుణిస్తే 128. స్లోప్ 55 నుంచి 155 దాకా ఉండొచ్చు, ప్రామాణికం 113. చాలా పొడుగ్గా, కానీ విశాలంగా అడ్డంకుల్లేకుండా ఉన్న కోర్సు అందరికీ దాదాపు ఒకేలా కష్టం కావొచ్చు, అప్పుడు కోర్స్ రేటింగ్ పెరుగుతుంది గానీ స్లోప్ అంతగా పెరగదు. పొట్టిగా ఉన్నా అడుగడుగునా నీళ్లూ బండరాళ్లూ ఉంటే మంచి ఆటగాడు సూటిగా కొట్టి దాటేస్తాడు, మామూలు ఆటగాడు అన్నిట్లోనూ పడతాడు, అక్కడ స్లోప్ పెరుగుతుంది. అమెరికాలో డీన్ నూత్ అనే ఆయన ఈ ఆలోచనని లెక్కలోకి తెస్తే 1982లో కొలరాడోలో మొదట వాడి చూశారు, తర్వాత 1987కల్లా అమెరికా అంతా వచ్చింది. సులువు కోర్సులో తెచ్చుకున్న హ్యాండిక్యాప్‌తో కష్టం కోర్సుకి వెళ్లి చిత్తయిపోయే అన్యాయం దీంతో చాలా వరకు పోయింది, ఈ మొత్తం సిస్టమ్‌లో అన్నిటికంటే తెలివైన భాగం ఇదే అనిపిస్తుంది.

మన ఆయన ఒక ఆదివారం 100 కొట్టాడు. కానీ హ్యాండిక్యాప్‌కి 100 రాసుకోరు. ఒక్క హోల్‌లో జరిగిన ఘోరం రౌండు మొత్తాన్ని పాడు చెయ్యకుండా ప్రతి హోల్‌కీ ఒక హద్దు ఉంటుంది, దాన్ని నెట్ డబుల్ బోగీ అంటారు, పార్‌కి రెండు కలిపి, ఆ హోల్‌లో ఆయనకి వచ్చే స్ట్రోకులు కూడా కలపాలి. ఆయనకి ఈ కోర్సులో 22 స్ట్రోకులు వస్తాయి, ఎలా వస్తాయన్నది కాసేపట్లో చూద్దాం. 18 హోల్స్‌కీ తలా ఒకటి పోగా మిగిలిన నాలుగూ స్ట్రోక్ ఇండెక్స్ 1 నుంచి 4 దాకా ఉన్న హోల్స్‌కి వెళ్తాయి. స్ట్రోక్ ఇండెక్స్ అంటే ముందు ఏ హోల్‌లో స్ట్రోకు ఇవ్వాలో చెప్పే వరస. ఇండెక్స్ 3 ఉన్న ఒక పార్ 4 హోల్‌లో ఆయన రెండుసార్లు నీళ్లలో కొట్టి 11 తెచ్చుకున్నాడు, అక్కడ ఆయన హద్దు 4 ప్లస్ 2 ప్లస్ 2, అంటే 8. మూడు తగ్గాయి. ఇండెక్స్ 16 ఉన్న ఒక పార్ 3లో బంకర్‌లోంచి బయటికి రాలేక 8 అయ్యింది, హద్దు 3 ప్లస్ 2 ప్లస్ 1, అంటే 6. ఇంకో రెండు తగ్గాయి. మొత్తం అయిదు పోయి 95 మిగిలింది, దీన్నే అడ్జస్టెడ్ గ్రాస్ స్కోర్ అంటారు. ఇంకా హ్యాండిక్యాప్ రాని కొత్తవాళ్లకైతే ప్రతి హోల్‌లో పార్ ప్లస్ 5 హద్దు.

ఇప్పుడు ఈ 95ని డిఫరెన్షియల్‌గా, అంటే కోర్సు కష్టాన్ని బట్టి సరిచేసిన నంబర్‌గా మార్చాలి. 95లోంచి కోర్స్ రేటింగ్ 71.2 తీసేస్తే 23.8. దాన్ని 113తో గుణించి 128తో భాగిస్తే 21.0. అదే 95 స్లోప్ 113, రేటింగ్ 69.5 ఉన్న సులువు కోర్సులో కొడితే డిఫరెన్షియల్ 25.5 అవుతుంది. చూడండి, స్కోరు ఒకటే కానీ నాలుగున్నర తేడా. స్కోరు చెప్పి ఎక్కడ ఆడాడో చెప్పకపోతే సగం మాటే చెప్పినట్టు.

ఈ లెక్కలో ఇంకోటి కూడా కలుస్తుంది, ఆ రోజు వాతావరణం. దీన్ని పీసీసీ అంటారు. విశాఖ ఈస్ట్ పాయింట్ లాంటి సముద్రం దగ్గరి కోర్సులో ఒకరోజు గాలి విపరీతంగా వీచిందనుకోండి, అందరి స్కోర్లూ పాడైపోతాయి. ఆ రోజు ఆ కోర్సులో వచ్చిన స్కోర్లన్నీ చూసి అవి మామూలుగా రావాల్సినదానికంటే బాగా ఎక్కువుంటే సిస్టమే 1 నుంచి 3 దాకా తీసేస్తుంది, బాగా తక్కువుంటే 1 కలుపుతుంది. కనీసం ఎనిమిది మంది, అదీ హ్యాండిక్యాప్ 36.0 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లు ఆడి ఉండాలి, లేకపోతే ఈ లెక్క వెయ్యదు. చాలా రోజులు ఇది సున్నాగానే ఉంటుంది.

ఇలా ఒక్కో రౌండుకీ ఒక్కో డిఫరెన్షియల్ వస్తుంది, చివరి 20 రౌండ్లవి వరుసగా ఉంచుకుంటారు. మన ఆయనవి పాతది మొదలు ఇలా ఉన్నాయనుకుందాం: 24.6, 21.0, 27.3, 19.8, 23.5, 30.1, 22.2, 25.4, 18.9, 26.0, 20.7, 28.8, 23.1, 21.6, 24.9, 33.2, 20.3, 22.7, 25.8, 19.5. ఇందులో తక్కువగా ఉన్న ఎనిమిదే తీసుకోవాలి, 18.9, 19.5, 19.8, 20.3, 20.7, 21.0, 21.6, 22.2. కూడితే 164.0, ఎనిమిదితో భాగిస్తే 20.5. అదే ఆయన హ్యాండిక్యాప్ ఇండెక్స్.

మరి మొత్తం ఇరవైకీ సగటు తీస్తే? దాదాపు 24.0. అంటే ఆయన మామూలుగా ఆడే ఆటకీ ఆయన హ్యాండిక్యాప్‌కీ మధ్య మూడున్నర తేడా ఉంది. ఇంకో రకంగా చూస్తే ఇరవై రౌండ్లలో 20.5 కంటే తక్కువ వచ్చినవి నాలుగే, అంటే అయిదు రౌండ్లకి ఒకసారి. కాబట్టి హ్యాండిక్యాప్‌కి తగ్గట్టు ఆడలేకపోయానని బాధపడుతూ ఇంటికెళ్లేవాళ్లు తమని తాము అనవసరంగా శిక్షించుకుంటున్నారు, అయిదింట్లో నాలుగు సార్లు అలా జరగడమే సహజం.

కొత్త రౌండ్ ఒకటి రాగానే అన్నిటికంటే పాతది జారిపోతుంది. మన ఆయన తర్వాతి వారం 17.4 ఆడాడనుకోండి, పాత 24.6 పోయింది, అది ఎలాగూ లెక్కలో లేదు, 17.4 లోపలికొచ్చి 22.2ని బయటికి నెట్టింది, కొత్త ఇండెక్స్ 19.9. ఇంకో వింత ఏంటంటే ఘోరంగా ఆడకపోయినా ఇండెక్స్ పెరగొచ్చు. ఎప్పుడో ఆడిన ఆ 18.9 రౌండ్ జారిపోయే వారం వచ్చిందనుకోండి, మిగతావి ఇవే ఉండి, ఆ వారం మామూలుగా 26 ఆడితే, 18.9 స్థానంలోకి 22.7 వచ్చి ఇండెక్స్ 21.0 అయిపోతుంది. నిన్నటి దాకా 20.5 ఉంది ఏమైంది అని యాప్ వైపు చూసేవాళ్లందరికీ జరిగేది ఇదే, పాత మంచి రోజొకటి లిస్టులోంచి వెళ్లిపోయింది, అంతే.

20 రౌండ్లు లేని కొత్తవాళ్లు ఆగక్కర్లేదు. 54 హోల్స్ ఆడితే చాలు, అంటే మూడు పూర్తి రౌండ్లు, లేకపోతే 9 హోల్స్ రౌండ్లు కలిపి. మూడే ఉంటే వాటిలో మంచిది తీసుకుని 2.0 తగ్గిస్తారు, 26.4, 29.0, 31.2 వస్తే ఇండెక్స్ 24.4 అన్నమాట. నాలుగుంటే మంచిదాంట్లోంచి 1.0 తగ్గిస్తారు, అయిదుంటే మంచిది ఉన్నదున్నట్టు. రౌండ్లు పెరిగేకొద్దీ లెక్కలోకి తీసుకునేవి పెరుగుతూ 20 దగ్గర ఎనిమిదికి చేరతాయి. గరిష్ఠం ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా 54.0, అంటే హోల్‌కి మూడు స్ట్రోకులు, నిన్న మొన్న నేర్చుకున్నవాళ్లకి కూడా తలుపు తెరిచే ఉందన్నమాట. 2024లో ఇంకో మార్పు కూడా వచ్చింది, 9 హోల్స్ మాత్రమే ఆడితే ఇంకో 9 హోల్స్ రౌండ్ కోసం ఎదురుచూడకుండా, మిగతా తొమ్మిదిలో ఆ ఇండెక్స్ ఉన్నవాళ్లు మామూలుగా ఎంత ఆడతారో ఆ అంచనా కలిపి వెంటనే డిఫరెన్షియల్ ఇచ్చేస్తారు. ఆఫీసుకి ముందు పొద్దున్నే తొమ్మిది హోల్స్ ఆడి పరిగెత్తేవాళ్లకి ఇది మంచి మార్పు.

ఇక అతి జరగకుండా రెండు కట్టడులున్నాయి. ఒకటి పైకి వెళ్లకుండా. గత ఏడాదిలో ఆటగాడి అతి తక్కువ ఇండెక్స్ గుర్తుంచుకుంటారు, దానికంటే 3.0 దాటి పెరిగితే దాటినదాంట్లో సగమే కలుపుతారు, మొత్తం మీద 5.0కి మించి అసలు పెరగనివ్వరు. తక్కువ ఇండెక్స్ 18.0 అనుకుంటే, కొత్త లెక్క 23.0 అని వచ్చినా 22.0 ఇస్తారు, 27 వచ్చినా 23.0 దగ్గరే ఆగుతుంది. దెబ్బ తగిలో ఆరోగ్యం బాగాలేకో ఆట పడిపోయినవాళ్లకి ఇది కొంచెం కఠినంగానే ఉంటుంది, అందుకే నిజమైన కారణం ఉంటే క్లబ్బు హ్యాండిక్యాప్ కమిటీ సరిచెయ్యొచ్చు. రెండోది కిందికి సంబంధించింది, ఎవరైనా ఉన్నట్టుండి తన ఇండెక్స్ కంటే 7.0 నుంచి 9.9 దాకా తక్కువ డిఫరెన్షియల్ ఆడితే అదనంగా 1.0, 10.0 లేదా అంతకు మించితే 2.0 కోత పడుతుంది.

ఈ కట్టడులు ఎందుకో చెప్పక్కర్లేదు, బాగా ఆడిన రౌండ్లు దాచేసి చెడ్డవి మాత్రమే నమోదు చేసి టోర్నమెంటులో కప్పు కొట్టేవాళ్లు అన్ని చోట్లా ఉన్నారు. దానికి తిరగబడ్డ జబ్బు కూడా ఉంది, చెడ్డ రౌండ్లు దాచేసి, గుంత దాకా వెళ్లని పుట్‌ని, అంటే గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించే షాటుని, వెళ్లినట్టు రాసేసుకుని, సింగిల్ డిజిట్ హ్యాండిక్యాప్ అని చెప్పుకోవడం. మొదటిది పక్కవాళ్లని మోసం చెయ్యడం, రెండోది తనకే నష్టం, ఎందుకంటే రావాల్సిన స్ట్రోకులు రావు, ఆడిన ప్రతి మ్యాచూ ఓడిపోతారు. నియమం చాలా సూటిగా ఉంది, ఒంటరిగా ఆడిన రౌండ్ చెల్లదు, పక్కన ఇంకొకరుండాలి, మొదటి షాటు బాలేదని రెండోసారి కొట్టుకున్నది చెల్లదు. మ్యాచ్‌లో ఎదుటివాళ్లు చాలు తీసేయండి అన్న పుట్‌కి, బంతి గుంతకి అయిదు అడుగుల లోపుంటే ఒక స్ట్రోకు కలిపి రాసుకోవాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు జిన్ అనే హ్యాండిక్యాప్ యాప్‌లో ఇవన్నీ నమోదు చేస్తుంటారు కదా, అక్కడ ఇంకో తేడా ఉంది, మిషిగన్ లాంటి చలి రాష్ట్రాల్లో చలికాలంలో ఆడిన స్కోర్లు లెక్కలోకి రావు, టెక్సాస్‌లో ఉన్నవాళ్లకి ఏడాదంతా వస్తాయి.

ఇప్పటిదాకా వచ్చింది ఇండెక్స్. దాన్ని పట్టుకుని నేరుగా కోర్సులోకి దిగకూడదు. ఆ రోజు ఆడే కోర్సుకి, ఆ టీకి దాన్ని మార్చుకోవాలి, ఇండెక్స్‌ని స్లోప్‌తో గుణించి 113తో భాగించి, కోర్స్ రేటింగ్‌లోంచి పార్ తీసేస్తే వచ్చేది కలపాలి. మన ఆయనకి 20.5 ఇంటూ 128 బై 113, అంటే 23.2, దానికి 71.2 మైనస్ 72, అంటే మైనస్ 0.8 కలిపితే 22.4, కోర్స్ హ్యాండిక్యాప్ 22. ఇందాక చెప్పిన 22 స్ట్రోకులు ఇవే. ఇందాకటి సులువు కోర్సు పార్ 71 అనుకుంటే అక్కడ 20.5లోంచి 1.5 పోయి 19. అదే మనిషి, అదే ఇండెక్స్, ఒకచోట 22, ఇంకోచోట 19. అమెరికాలో 2020కి ముందు ఈ పార్ తేడా కలిపేవాళ్లు కాదు, అందుకే అక్కడ చాన్నాళ్లుగా ఆడుతున్నవాళ్లకి కోర్స్ హ్యాండిక్యాప్ ఒక్కసారిగా మారినట్టు అనిపించింది, మారింది ఆట కాదు లెక్క. దీంతో వేర్వేరు టీల నుంచి ఆడే భార్యాభర్తలు, తండ్రీ కూతురు కూడా ఒకే పోటీలో పెద్దగా తంటా లేకుండా ఆడుకోవచ్చు.

పోటీని బట్టి ఇంకో మెట్టు ఉంటుంది. ఒక్కొక్కరుగా ఆడే స్ట్రోక్ ప్లేలో, అంటే రౌండు మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే పోటీలో, 95 శాతం తీసుకుంటారు, మన ఆయనకి 22.4లో 95 శాతం 21. ఇద్దరిద్దరు జట్టుగా ఆడే ఫోర్‌బాల్ స్ట్రోక్ ప్లేలో 85 శాతం, ఫోర్‌బాల్ మ్యాచ్ ప్లేలో 90. జట్టులో ఇద్దరిలో మంచి స్కోరే తీసుకుంటారు కాబట్టి హ్యాండిక్యాప్ ఎక్కువున్న జంటకి అనుకోని లాభం రాకుండా ఆ కోత. ఒకరితో ఒకరు తలపడి ఏ హోల్ ఎవరు గెలిచారో లెక్కపెట్టే మ్యాచ్ ప్లేలో కోత లేదు, నూటికి నూరు.

అదే కోర్సులో, అదే టీ నుంచి మన ఆయన ఇంకొకాయనతో మ్యాచ్ ఆడాడనుకుందాం, ఆ ఎదుటాయన ఇండెక్స్ 6.2, కోర్స్ హ్యాండిక్యాప్ లెక్క వేస్తే 6. ఇద్దరి మధ్య తేడా 16. అంటే స్ట్రోక్ ఇండెక్స్ 1 నుంచి 16 దాకా ఉన్న హోల్స్ అన్నింట్లో మన ఆయనకి ఒక్కో స్ట్రోకు, వాటిలో ఆయన 5 కొడితే 4 కింద లెక్క. అయినా కాగితం మీద ఎదుటాయనకే కాస్త మొగ్గు ఉంటుంది, ఎందుకంటే ఇండెక్స్ మంచి రోజుల్ని చూసి కట్టింది కదా, తక్కువ హ్యాండిక్యాప్ ఉన్నవాడి మంచి రోజుకీ మామూలు రోజుకీ తేడా తక్కువ, మన ఆయనకి మూడున్నర. కానీ ఆ అయిదింట్లో ఒక రోజు ఇవాళే అయితే మన ఆయనని ఆపడం కష్టం. ఇక స్ట్రోక్ ఇండెక్స్ 17, 18 ఉన్న ఆ రెండు హోల్స్‌లో మాత్రం ఎవరికీ స్ట్రోకులు లేవు, అక్కడ ఎవరు తక్కువ కొడితే హోల్ వాళ్లదే.